చిల్లి గిన్నె

అటక మీద, టమాటా క్రేట్ల వెనకాల
ఒక చిల్లి గిన్నె ఉండేది మా ఇంట్లో.
రాగిది. అడుగున ఆవగింజంత బెజ్జం.
తొట్టిలో వదిలితే తేలుతూ, తాగుతూ, తాగుతూ
ఒక్కసారి గుటుక్కున మునిగేది.
ఆ గుటుక్కు ఒక వంతు.

మా నాన్న పిళ్ళప్ప నీరుగంటి.
గుటుక్కుమనగానే ఒకరి గండి మూసి
ఇంకొకరి గండి తెరిచేవాడు.
పటేలు గట్టు మీద నిలబడి దగ్గినా సరే,
"గిన్నెకు పేర్లు తెలీవు సామీ" అనేవాడు.
ఊరందరికీ నీళ్ళు పంచిన ఆ చేతులకు
తాగే నీళ్ళు మాత్రం
పైనుంచే పోసేవాళ్ళు.

కరువు ఏట చివరి మడి నుంచి మొదలుపెట్టేవాడు.
ఎందుకు నాన్నా అంటే,
"తూము పక్కవాడికి నీళ్ళు కనిపిస్తాయి.
చివరివాడికి చప్పుడే వినిపిస్తుంది."

ఇప్పుడు ఆ ఆయకట్టు మీద పద్దెనిమిది అంతస్తులు.
సర్జాపుర రోడ్డులో దిగి
ఎవర్నడిగినా చూపిస్తారు, అపార్టుమెంటుని.
దాని వెనక గోడకు ఆనుకుని
నాకు మిగిలింది ఇరవై రెండు గుంటలు.

అబద్ధం ఎందుకు,
మూడేళ్ళు మా బోరు నీళ్ళు వాళ్ళకే అమ్మాం.
కొత్తిమీర ఏనాడూ ఇవ్వని డబ్బు
మోటారు మీట నొక్కితే వచ్చేది.
నాలుగో ఏడు ఇంకా లోతుకు దించాం. పదకొండు వందల అడుగులు.
రాతిపొడి వచ్చింది, తెల్లగా, వెచ్చగా.
మా ఆయన దోసిట్లో పట్టి
"విబూది అనుకుందామా" అన్నాడు.
ఎవరం నవ్వలేదు.

అదే ట్యాంకరు. అదే నంజుండ.
ఇప్పుడు ఎదురు దారిలో వస్తాడు.
వాళ్ళు స్నానాలు చేసి, గిన్నెలు తోమి,
చెప్పకూడనివన్నీ చేసి, శుద్ధి చేసి పంపే నీళ్ళు.
నీళ్ళు ఊరికే. డీజిల్ నాది.
మొదటిరోజు దోసిట్లో పట్టి వాసన చూశాను.
ఏ వాసనా లేదు.
అదే నచ్చలేదు నాకు.

ఆకుకూరలకు వద్దంది తోటల ఆఫీసు మేడం.
చామంతి వేశాను.
శుక్రవారం ఆ గేటు దగ్గరే మూర లెక్కన అమ్ముతాను.
వాళ్ళ స్నానాలు
వాళ్ళ దేవుడి మెడలోకే చేరతాయి.
దేవుడికేం అభ్యంతరం ఉన్నట్టు లేదు.

డ్రిప్పు పైపుతో ఒకటే తంటా.
కళ్ళు మూసుకుపోతాయి నాచు పట్టి.
జాకెట్టుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి
ఒక్కో కన్నూ పొడుచుకుంటూ పోతాను.
చుక్కకూ చుక్కకూ మధ్య
ఒక మాట అనుకుని మరిచిపోవచ్చు.

ఈ మార్చిలో ట్యాంకర్లు తగ్గించారు.
వాళ్ళ చెట్లకే చాలడం లేదట.
రోజుకు ఒకటి. మేము ముగ్గురం.
నేను, గుర్రమ్మ, అటు మోరీ పక్క లచ్చుమక్క.
గుర్రమ్మ పైపు లాగింది, నేను గుర్రమ్మ కొంగు లాగాను.
నంజుండ హారను కొట్టి, ఇంజిను ఆపి, బీడీ ముట్టించి
"తేల్చుకుని పిలవండి" అన్నాడు.

అటకెక్కాను.
గిన్నె నిండా చిలుము. బెజ్జం పూడిపోయింది.
అదే పిన్నీసుతో గీకాను.
పెయింటు బక్కెట్లో నీళ్ళు పోసి వదిలాను.
ముగ్గురం గొంతుక్కూచుని చూశాం,
నంజుండ కూడా.

ముందు లచ్చుమక్క మడికి, అన్నాను.
గుర్రమ్మ నోరు తెరిచి
ఎందుకో మూసింది.
పైపు అంత దూరం అందలేదు.
సైకిలు ట్యూబు కోసి అతుకు వేశాం.
అతుకు దగ్గర కొంచెం కారింది.
కారిన చోట గుర్రమ్మ మడమ పెట్టి తొక్కి నిలబడింది,
గిన్నె మునిగేదాకా.

గుటుక్కు.

నాన్న వంతుకన్నా కురచ అనిపించింది.
పిన్నీసుతో గీకినప్పుడు
బెజ్జం పెద్దదైందేమో.
కానీలే.
ముగ్గురికీ అంతే కురచ.